విద్యాశాస్త్రంలో డాక్టరేట్: ఎడ్.డి.యా, పిహెచ్.డి.యా?

యంత్రాల మధ్య పాతికేళ్లు గడిపిన ఇంజనీరుకు విద్యాశాస్త్రంలో డాక్టరేట్‌తో పనేమిటని పాఠక మిత్రులకు సందేహం కలగవచ్చు. మా ఇంట్లోనూ మొదట ఆ ప్రశ్నే ఎదురైంది. "చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్లు, ఈ వయసులో మళ్లీ పరీక్షలేమిటండీ?" అని మా శ్రీమతి అడిగినప్పుడు మా వద్ద తగిన సమాధానం లేదు. ఆ సమాధానం వెతుక్కునే క్రమంలో తెలుసుకున్న విషయాలు సంస్థలోని ఇతర మిత్రులకు, ముఖ్యంగా శిక్షణ కేంద్రాలలో పనిచేస్తున్న వారికి, ఉపయోగపడతాయన్న ఆశతో ఈ వ్యాసం రాస్తున్నాము.

ప్రభుత్వ రంగ సంస్థలలో నడివయసు దాటిన ఇంజనీర్లు పలువురు నేడు డాక్టరేట్ వైపు చూస్తున్నారు. పదవీ విరమణ తరువాత బోధన చేయాలన్న కోరిక కొందరిది. పేరుకు ముందు రెండక్షరాలు ఉంటే బాగుండునన్న కోరిక మరికొందరిది. ఏళ్ల తరబడి వెంటాడుతున్న ఒక సమస్యకు జవాబు దొరకాలన్న తపన బహుకొద్ది మందిది. ఈ మూడు కోరికలకూ దారి ఒకటి కాదు. ఆ సంగతి తెలియక పొరపాటు చేయబోయిన వారిలో మేమూ ఒకరము.

ప్రశ్న పుట్టిన చోటు

కొన్నేళ్ల క్రితం మేము విద్యుత్ కేంద్రంలో నిర్వహణ విభాగం నుండి శిక్షణ కేంద్రానికి బదిలీ అయ్యాము. అక్కడ మాకు అప్పగించిన పాఠాలలో ముఖ్యమైనది పర్మిట్ పద్ధతి. ఏ యంత్రం మీద పని చేయాలన్నా ముందు దానికి విద్యుత్తు అందకుండా వేరుచేసి, హెచ్చరిక బిళ్ళ తగిలించి, నిజంగా ఆగినదో లేదో పరీక్షించి, ఆ తరువాతే పనివారిని దాని వద్దకు పంపాలి. ఇందులో ఏ మెట్టు తప్పినా ప్రాణం మీదికి వస్తుంది.

ఒక యువ ఇంజనీరు మా తరగతిలో ఈ పాఠం విన్నాడు. చివరి పరీక్షలో 100కు 92 మార్కులు తెచ్చుకున్నాడు. ఏడాది తిరగకుండానే, వార్షిక మరమ్మతుల రోజులలో, ఒక రాత్రి షిఫ్టులో అతడు 'ఎ' పంపుకు పర్మిట్ ఇవ్వవలసి వచ్చింది. స్విచ్‌గేర్ గదిలోకి వెళ్లి 'ఎ' మోడ్యూలుకు బదులు దాని పక్కనున్న 'బి' మోడ్యూలును బయటకు లాగి, దానికే హెచ్చరిక బిళ్ళ తగిలించి, పర్మిట్ మీద సంతకం చేశాడు. మరమ్మతు బృందం 'ఎ' పంపు వద్ద పనిముట్లు విప్పింది. ఆ బృందంలో ఒక సీనియర్ టెక్నీషియన్ ఉన్నారు. "ఆగండి సార్, స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి చూద్దాం. తరవాతే కప్లింగ్ మీద చెయ్యేద్దాం" అన్నారాయన. బటన్ నొక్కగానే పంపు తిరిగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ టెక్నీషియన్ అలవాటే కాపాడింది. విచారణలో ఆ యువకుడిని పర్మిట్ పద్ధతిలోని మెట్లు చెప్పమన్నారు. ఒక్క మాట తడబడకుండా అన్నీ వరుసగా చెప్పాడు. ఆ గదిలో కూర్చుని వింటున్న మాకు తల కొట్టేసినట్లయింది. అవి మేము నేర్పిన మాటలే. పాఠం అతడికి వచ్చు. కానీ ఆ పాఠం తరగతి గది గుమ్మం దాటి స్విచ్‌గేర్ గదిలోకి రాలేదు. ఎందుకు రాలేదు?

ఇది విద్యుత్ శాస్త్రానికి చెందిన ప్రశ్న కాదు. మేము చదివిన బి.టెక్. పుస్తకాలలో దీనికి జవాబు లేదు. విద్యాశాస్త్రంలో దీనిని అభ్యసన బదలాయింపు అంటారని ఆ తరువాత తెలిసింది. ఒక చోట నేర్చినది మరొక చోట ఎప్పుడు అక్కరకు వస్తుంది, ఎప్పుడు రాదు అన్నది ఆ శాస్త్రంలో నూరేళ్లకు పైబడి నలుగుతున్న విషయం. ఆ ఆసక్తితోనే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా ఎం.ఏ. విద్యాశాస్త్రం పూర్తి చేశాము. డాక్టరేట్ ఆలోచన అక్కడ మొదలైంది.

దాదాపు చేయబోయిన పొరపాటు

ఆ రోజులలోనే ఒక ప్రైవేటు సంస్థ ప్రతినిధి మాకు ఫోను చేశారు. విదేశీ విశ్వవిద్యాలయం పట్టా, ప్రవేశ పరీక్ష లేదు, సెలవు పెట్టనక్కర లేదు, అంతా ఇంటి నుండే, ఏడాదిన్నరలో డాక్టరేట్. రుసుము మాత్రం కొన్ని లక్షలు, అదీ వాయిదాలలో. "సార్, మీ అనుభవమే సగం థీసిస్" అన్నారాయన. ఆ మాట మాకు ఎంత తియ్యగా వినిపించిందో దాచనవసరం లేదు. దరఖాస్తు నింపి, మొదటి వాయిదా కట్టడానికి సిద్ధపడ్డాము.

అదే వారంలో మాకన్న ముందు పదవీ విరమణ చేసిన ఒక మిత్రులు కలిశారు. ఆయన అటువంటి పట్టానే మరొక సంస్థ ద్వారా పొందారు. దానిని పట్టుకుని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో అధ్యాపక పదవికి వెళితే, ఈ పట్టాకు మన దేశంలో గుర్తింపు లేదని మర్యాదగా తిప్పి పంపారట. "పేరు గొప్ప, ఊరు దిబ్బ అయిందండీ" అని నవ్వారే గాని, ఆ నవ్వులో ఆయన భవిష్య నిధి నుండి తీసిన సొమ్ము కనిపించింది.

ఇది ఆయన ఒక్కరి అనుభవం కాదు. విదేశీ విశ్వవిద్యాలయాల పేరుతో కొన్ని సంస్థలు ప్రకటించే ఆన్‌లైన్ పిహెచ్.డి.లకు గుర్తింపు లేదని యు.జి.సి., ఎ.ఐ.సి.టి.ఇ. కలిసి 2022 అక్టోబరులోనే ప్రజలను హెచ్చరించాయి. 2022 నవంబరులో వెలువడిన పిహెచ్.డి. నిబంధనలు కూడా దూరవిద్య ద్వారా గాని ఆన్‌లైన్ ద్వారా గాని పిహెచ్.డి. ఇవ్వరాదని స్పష్టం చేశాయి. ఆ హెచ్చరిక పత్రికలలో వచ్చినప్పుడు మేమూ చదివే ఉంటాము. కానీ అవసరం మనది కానప్పుడు చదివినది మనసులో నిలవదు. ఇదీ ఒక విధంగా అభ్యసన బదలాయింపు సమస్యే.

ఎడ్.డి. కథ

దరఖాస్తు పక్కన పెట్టాము గాని ఒక సందేహం మిగిలింది. ఆ ప్రతినిధి మాటలలో వృత్తిపర డాక్టరేట్ అన్న మాట పదే పదే దొర్లింది. అది అసలే లేని వస్తువా, లేక మంచి వస్తువుకు నకలా? మా అన్నయ్యగారి అమ్మాయి అమెరికాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపప్రధానోపాధ్యాయురాలు. ఆమెను అడిగాము. "ఉంది బాబాయ్, నేనిప్పుడు చేస్తున్నది అదే. ఎడ్.డి." అన్నది. ఒకే కుటుంబంలో ఇద్దరము ఒకే కాలంలో ఒకే కూడలిలో నిలబడ్డామని అప్పుడు తెలిసింది.

ఈ రెండు పట్టాల చరిత్ర ఆసక్తికరమైనది. పరిశోధనా పట్టాగా పిహెచ్.డి. 19వ శతాబ్దపు జర్మనీ విశ్వవిద్యాలయాలలో రూపు దిద్దుకున్నది. అమెరికాలో తొలి పిహెచ్.డి.లను 1861లో యేల్ విశ్వవిద్యాలయం ఇచ్చింది. విద్యాశాస్త్రంలో ఆ దేశపు తొలి పిహెచ్.డి. 1893లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కళాశాలలో వచ్చింది. హార్వర్డ్‌లో విద్యాశాస్త్రానికి ప్రత్యేక కళాశాల 1920లో ఏర్పడింది. అక్కడ పిహెచ్.డి. ఇచ్చే అధికారం కళలు, విజ్ఞాన శాస్త్రాల విభాగం చేతిలో ఉన్నది. అందుచేత కొత్త కళాశాల తొలి రోజులలోనే తన స్వంత పట్టాగా ఎడ్.డి.ని ప్రారంభించింది. వైద్యులకు ఎం.డి. ఉన్నట్లే పాఠశాలలను నడిపే వారికి ఒక ఉన్నత వృత్తి పట్టా ఉండాలన్నది దాని వెనుక ఆలోచన. టీచర్స్ కళాశాల 1934లో అదే బాట పట్టింది. చాలా కాలం తరువాత ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ విశ్వవిద్యాలయం 1990లోను, బ్రిటన్‌లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం 1992లోను ఎడ్.డి. మొదలుపెట్టాయి.

ఆలోచన మంచిదే. ఆచరణలో మాత్రం గీత చెరిగిపోయింది. అనేక విశ్వవిద్యాలయాలలో ఎడ్.డి. చేసేవారు, పిహెచ్.డి. చేసేవారు దాదాపు ఒకే పాఠాలు చదివి, ఒకే తరహా సిద్ధాంత గ్రంథాలు రాయసాగారు. పరిశోధకులు ఎడ్.డి.ని తక్కువ పిహెచ్.డి.గా చూశారు. పాఠశాలలను నడిపేవారికి దానివలన పనిలో ఏమి ఒరిగిందో తెలియలేదు. పాఠశాల నాయకుల చదువులపై ఆర్థర్ లెవిన్ 2005లో వెలువరించిన నివేదిక, ఎడ్.డి.ని ఎత్తివేసి దాని స్థానంలో ఒక మంచి మాస్టర్స్ పట్టాను పెట్టమన్నంత దూరం వెళ్లింది. మరుసటి ఏడాది లీ షుల్మన్, ఆయన సహచరులు వేరే మార్గం చూపారు. ఎత్తివేయడం కాదు, రెండింటినీ మళ్లీ వేరుచేసి, వృత్తిపర పట్టాను మొదటి నుండి కట్టుకురావాలన్నారు. 2007లో సుమారు 25 విశ్వవిద్యాలయాలతో కార్నెగీ ప్రాజెక్టు ఆ పని చేపట్టింది. నేడు అందులో నూరుకు పైగా సంస్థలున్నాయి.

హార్వర్డ్ కథ మరొక మలుపు తిరిగింది. అక్కడ ఎడ్.డి. అన్న పేరుతో నడిచినది చాలా వరకు పరిశోధనా పట్టాయే. అందుచేత 2010లో విద్యా నాయకత్వానికి మూడేళ్ల వేరొక డాక్టరేట్‌ను తెచ్చారు. 2014లో పిహెచ్.డి.ని ప్రవేశపెట్టి, ఎడ్.డి.లో కొత్త ప్రవేశాలు ఆపివేశారు. ఎడ్.డి.కి పుట్టినిల్లయిన చోటనే ఆ పేరు కనుమరుగైంది. పట్టా పేరు చూసి లోపలి సరుకును అంచనా వేయరాదని చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు.

సమాజంలో కూడా ఈ సందేహం సద్దుమణగలేదు. జిల్ బైడెన్ 2007లో డెలావేర్ విశ్వవిద్యాలయం నుండి ఎడ్.డి. పొందారు. కమ్యూనిటీ కళాశాలలలో విద్యార్థులు మధ్యలో చదువు మానకుండా చూడటం ఆమె పరిశోధనాంశం. తాను పాఠాలు చెబుతున్న చోటి సమస్యనే ఆమె ఎంచుకున్నారు. అయినా 2020 డిసెంబరులో, ఆమె పేరుకు ముందు డాక్టర్ అన్న మాట ఉండవచ్చునా అని అమెరికా పత్రికలలో పెద్ద దుమారం లేచింది. ఆ గ్రంథం ఎవరికి ఉపయోగపడిందన్న ప్రశ్న కన్న, పేరుకు ముందరి మాటపైనే చర్చ ఎక్కువ జరిగింది.

ఒకే సమస్య, రెండు ప్రశ్నలు

ఇంతకూ తేడా ఎక్కడ? మా పంపు సంఘటననే తీసుకుని చూద్దాం.

పిహెచ్.డి. పరిశోధకుడు దానిని చూసి ఇలా అడుగుతాడు: తరగతిలో మాటలుగా నేర్చుకున్న పని క్రమం, రాత్రి వేళ, శబ్దం మధ్య, తొందరలో ఉన్న మనిషి చేతికి ఎందుకు అందదు? ఏ పరిస్థితులలో అందుతుంది? ఈ విషయమై ఇంతవరకు ఎవరు ఏమి కనుగొన్నారు, వారు వదిలిన ఖాళీ ఏది? అతడు పూర్వ పరిశోధనలన్నిటినీ సమీక్షించాలి. ప్రాకల్పనలు చేయాలి. ఒక కేంద్రం కాదు, పలు కేంద్రాల నుండి దత్తాంశం సేకరించాలి. చివరకు చెప్పే మాట ఆ ఒక్క స్విచ్‌గేర్ గదికే కాక, అటువంటి పని జరిగే ఇతర చోట్లకూ వర్తించాలి. అతడి పాఠకులు ఇతర పరిశోధకులు. వారు లోపాలు వెతుకుతారు. వెతకడమే వారి ధర్మం.

ఎడ్.డి. విద్యార్థి అదే సంఘటనను చూసి వేరుగా అడుగుతాడు: మా శిక్షణ కేంద్రంలో పర్మిట్ పాఠాన్ని ఎలా మార్చితే వచ్చే ఏడాది బయటకు వెళ్లే బ్యాచ్ ఈ పొరపాటు చేయదు? అతడు ఒక మార్పు రూపొందించి, ఒక బ్యాచ్‌పై అమలు చేసి, ఫలితం కొలిచి, సవరించి, మళ్లీ అమలు చేస్తాడు. 1946లో కర్ట్ లెవిన్ చర్యాత్మక పరిశోధన అని పేరు పెట్టిన పద్ధతికి ఇది దగ్గర. చివరకు అతడు సమర్పించేదానిని కార్నెగీ ప్రాజెక్టు వారు ఆచరణలోని సిద్ధాంత గ్రంథమన్నారు. అతడి పాఠకులలో మొదటి వారు అతడి సంస్థలోనే ఉంటారు.

మా అన్నయ్యగారి అమ్మాయి పని ఈ రెండవ కోవకు చెందినది. ఇతర దేశాల నుండి కొత్తగా వచ్చిన కుటుంబాల తల్లిదండ్రులు వారి పాఠశాల సమావేశాలకు రావడం లేదు. ఎందుకు రావడం లేదో తెలుసుకుని, రప్పించే మార్గం కనుగొనడం ఆమె అంశం. సమావేశాల వేళలు మార్చారు, ఆయా భాషలు తెలిసిన వారితో ఇళ్లకు ఫోన్లు చేయించారు, ప్రతి మార్పు తరువాత ఎందరు వచ్చారో లెక్క కట్టారు. పగలు ఉద్యోగం, సాయంత్రాలు, వారాంతాలు చదువు. తోటి విద్యార్థులంతా ఒకే జట్టుగా మూడేళ్లు సాగుతారు. ఆ జట్టు లేకపోతే రెండో ఏటనే మానేసేదాన్నని ఆమె అన్నది. అక్కడ జిల్లా విద్యాధికారి స్థాయికి వెళ్లగోరే వారిలో ఎడ్.డి. చేసేవారు చాలామంది ఉంటారు.

"మరి నువ్వు పిహెచ్.డి. ఎందుకు చేయలేదమ్మా?" అని అడిగాము. "నాకు ప్రొఫెసర్ ఉద్యోగం వద్దు బాబాయ్. మా స్కూల్లో ఆ కుర్చీలు నిండాలి, అంతే" అన్నది. కొంచెం ఆగి, "మీ జవాబు కోసం ఎవరు ఎదురు చూస్తున్నారు బాబాయ్?" అని అడిగింది.

ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. మా జవాబు కోసం నిజానికి ఎదురు చూస్తున్నది ఆ యువ ఇంజనీరు, అతడి తరువాత వచ్చే బ్యాచ్‌లు, కప్లింగ్ మీద చేయి వేసే మనుషులు. ఆ లెక్కన మా సమస్య స్వభావం ఎడ్.డి.కే దగ్గర.

అయితే రెండింటి మధ్య గోడ మనం అనుకున్నంత ఎత్తైనది కాదు. శిక్షణ ఫలితాలను నాలుగు స్థాయిలలో కొలిచే పద్ధతి మన శిక్షణ కేంద్రాలన్నిటికీ సుపరిచితమే. దానికి ఆద్యుడైన డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1954లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాసిన పిహెచ్.డి. గ్రంథం, పర్యవేక్షకులకిచ్చే శిక్షణ పనిచేస్తున్నదో లేదో ఎలా తేల్చాలన్న పక్కా పని ప్రశ్న నుండే పుట్టింది. 1959లో ఆయన వ్యాసాలుగా ప్రచురించిన ఆ ఆలోచన నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. ఆచరణ నుండి పుట్టిన ప్రశ్నకు పిహెచ్.డి.లో చోటు లేదనడానికి వీల్లేదు.

మన దేశంలో తలుపులు

మన దేశంలో విద్యాశాస్త్ర పరిశోధనకు పాత చరిత్రే ఉన్నది. ఈ విషయంలో తొలి పిహెచ్.డి.ని బొంబాయి విశ్వవిద్యాలయం 1943లో ఇచ్చింది. బరోడాలో ఎం.బి. బుచ్ సంపాదకత్వాన దేశంలోని విద్యా పరిశోధనల తొలి సర్వే 1974లో వెలువడింది. కానీ ఉద్యోగం చేస్తూ విద్యాశాస్త్రంలో డాక్టరేట్ కోరేవారికి మన విశ్వవిద్యాలయాలలో సాధారణంగా కనిపించే తలుపు పిహెచ్.డి. మాత్రమే. కాబట్టి మనబోటి వారి ముందున్న ఎంపిక అమెరికాలోని అమ్మాయి ముందున్న ఎంపిక వంటిది కాదు. ఆమె ముందు రెండు తలుపులూ తెరిచి ఉన్నాయి. మన ముందున్నవి ఇక్కడి పిహెచ్.డి., లేదా విదేశీ ఎడ్.డి. రెండవ దానికి గుర్తింపు ముందుగా నిర్ధారించుకోవాలి. విదేశీ పట్టాల సమానత్వ గుర్తింపుకై 2025లో యు.జి.సి. ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఫ్రాంచైజీ ఏర్పాటు ద్వారా పొందిన పట్టాలకు వాటి కింద గుర్తింపు లభించదు.

ఇక పిహెచ్.డి. నిబంధనలలో ఉద్యోగస్థులు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పిహెచ్.డి.ని అనుమతించాయి. దానికి సంస్థ నుండి నిరభ్యంతర పత్రం కావాలి. ఉద్యోగి పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఉన్నదని, పరిశోధనకు తగిన సమయం అతడి విధులలో దొరుకుతుందని, అవసరమైతే కోర్సు వర్క్ కోసం విధుల నుండి విడుదల చేస్తామని అందులో ఉండాలి. కోర్సు వర్క్ కనీసం 12 క్రెడిట్లు. మొత్తం కాలం తక్కువలో తక్కువ 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. పునర్నమోదుతో మరో 2 ఏళ్లు దొరకవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకొక 2 ఏళ్ల సడలింపు ఉన్నది.

అర్హత విషయంలో ఒక మెలిక ఉన్నది. నాలుగేళ్ల డిగ్రీతో నేరుగా పిహెచ్.డి.లో చేరాలంటే 75 శాతం మార్కులు ఉండాలి. మా బి.టెక్. మార్కులు అంతకు తక్కువ. ఆసక్తి కొద్దీ చేసిన ఎం.ఏ. ఇక్కడ అక్కరకు వచ్చింది. పి.జి. అయితే 55 శాతం చాలు. అయితే ఏ పి.జి.ని అనుమతిస్తారన్నది విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. ఎం.ఎడ్. తప్పనిసరి అనే చోట్లున్నాయి. ప్రకటన పూర్తిగా చదవకుండా దరఖాస్తు చేయరాదు.

మరొక సూక్ష్మం చాలామంది గమనించరు. పదవీ విరమణకు 3 ఏళ్ల లోపు సమయం ఉన్న ఆచార్యులు కొత్త పరిశోధకులను తీసుకోరాదని నిబంధన. మనం మన పదవీ విరమణ తేదీ లెక్క కడతాము గాని గైడ్‌గారి తేదీ లెక్క కట్టము. ఆరేళ్ల ప్రయాణంలో రెండూ ముఖ్యమే.

మేము ఎంచుకున్నది

అన్నీ బేరీజు వేసుకుని, రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో పార్ట్‌టైమ్ పిహెచ్.డి.కి 53వ ఏట నమోదు చేసుకున్నాము. ఆరేళ్లూ పట్టినా 60కి ఒక ఏడాది ముందు ముగియాలి. అంతకు మించి సాగితే పదవీ విరమణ నాటికి చేతిలో పట్టా ఉండదు, శిక్షణ కేంద్రం తాళమూ ఉండదు. ఆ భయం ఉన్నది.

ఇంతకీ పిహెచ్.డి. ఎందుకు? గుర్తింపు ఉన్న తలుపు అదే కావడం ఒక కారణం. అంతకన్న పెద్ద కారణం వేరే ఉన్నది. పంపు సంఘటన తరువాత మేము ఏ పట్టా కోసమూ ఎదురు చూడలేదు. పర్మిట్ పాఠాన్ని తరగతి గది నుండి తీసి పాత స్విచ్‌గేర్ ప్యానెళ్ల ముందుకు మార్చాము. మెట్లు వల్లించే పరీక్ష తీసివేసి, వేరుచేసిన యంత్రాన్ని స్టార్ట్ బటన్ నొక్కి పరీక్షించేదాకా మార్కులు ఇవ్వడం లేదు. ఆ సీనియర్ టెక్నీషియన్‌గారిని ఒక పూట పాఠం చెప్పమని ఆహ్వానించాము. "నేనేం చెప్తాను సార్, నాకు భయం, అందుకే నొక్కి చూస్తాను" అన్నారాయన. మా అన్ని పాఠాలలో శిక్షణార్థులకు బాగా గుర్తుండిపోయినది ఆ ఒక్క వాక్యమే.

పొరపాట్లు తగ్గినట్లు అనిపిస్తున్నది. అనిపించడమే గాని, అది మా మార్పు వలననా, సంఘటన తరువాత అందరిలో పెరిగిన జాగ్రత్త వలననా, మరి దేనివలననా? మరొక కేంద్రంలో ఇదే మార్పు చేస్తే ఇదే ఫలితం వస్తుందా? ఇంజనీరుగా ఒక మీటరును కాలిబ్రేట్ చేయకుండా దాని రీడింగును నమ్మము. అటువంటప్పుడు మా బోధనను మాత్రం ఎందుకు నమ్మాలి? సమస్యను సరిదిద్దడం వరకే మా కోరిక అయితే ఎడ్.డి. దారి, లేదా ఏ పట్టా లేని దారి చాలు. సరిదిద్దినది నిజమేనా, ఇతర కేంద్రాలకూ వర్తిస్తుందా అని తేల్చాలనుకున్నాము. కనుక మా ప్రశ్న పిహెచ్.డి. వైపు మొగ్గింది.

దీనికి చెల్లించే మూల్యమూ చెప్పాలి. రెండేళ్లుగా మా ఇంట్లో ఆదివారం లేదు. గణాంక శాస్త్రం మా వయసును గౌరవించడం లేదు. కోర్సు వర్క్ తరగతిలో మా పక్కన కూర్చునేది మా అబ్బాయి వయసు వారు. మొదటి సమర్పణలో గైడ్‌గారు మా పాతికేళ్ల అనుభవాన్ని విని, "అనుభవం చాలా బాగుందండీ. దీనికి ఆధారం ఏది?" అన్నారు. ఫోనులో ప్రతినిధి చెప్పిన మాటకు, ఈమె చెప్పిన మాటకు ఉన్న దూరమే నకిలీ డాక్టరేట్‌కు, నిజమైన డాక్టరేట్‌కు ఉన్న దూరమని మాకు అనిపించింది. ఈ వ్యాసం రాసే నాటికి మా గ్రంథంలో ఒక్క అధ్యాయమూ పూర్తి కాలేదు.

మిత్రులకు మనవి

ఈ దారిన నడవదలచిన సహోద్యోగులకు మా అనుభవం నుండి కొన్ని మాటలు.

ముందుగా పట్టా పేరు పక్కన పెట్టి, మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం రాకపోతే ఏ డాక్టరేట్‌కూ తొందర పడకండి. వాక్యం వస్తే, దాని జవాబు కోసం ఎవరు ఎదురు చూస్తున్నారో దాని కిందనే రాయండి. మీ సంస్థ, మీ తరగతి, మీ పాఠశాల అయితే వృత్తిపర పరిశోధన మీకు తగినది. ఆ శాస్త్రం చదివే వారంతా అయితే పిహెచ్.డి. తగినది. పేరుకు ముందరి రెండక్షరాల కోసం మీరొక్కరే ఎదురు చూస్తున్నట్లయితే, ఆ సొమ్ము బ్యాంకులోనే ఉంచండి.

పదవీ విరమణ తరువాత బోధించాలన్నదే మీ కోరిక అయితే డాక్టరేట్ ఒక్కటే దారి కాదని గమనించండి. వృత్తిలో 15 ఏళ్ల అనుభవం ఉన్న నిపుణులను పిహెచ్.డి. లేకున్నా ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా నియమించుకునేందుకు 2022లో యు.జి.సి. మార్గదర్శకాలు ఇచ్చింది. మంజూరైన పోస్టులలో వీరు 10 శాతానికి మించరాదు గనుక అవకాశాలు పరిమితమే. అయినా ఆ తలుపు ఉన్నది.

నిర్ణయానికి ముందు శోధ్‌గంగలో మీ విషయానికి చెందిన మూడు సిద్ధాంత గ్రంథాలు ఆసాంతం చదవండి. మన విశ్వవిద్యాలయాల గ్రంథాలను అక్కడ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అవి చదువుతున్నప్పుడు విసుగు కలిగితే రాయడం అంతకన్న కష్టం. నేనైతే ఇక్కడ వేరుగా అడిగేవాడిని అని మనసు లోపల వాదన మొదలైతే మీకు దారి దొరికినట్లే.

మా శ్రీమతి ప్రశ్నకు ఇప్పుడు మా వద్ద ఒక సమాధానం ఉన్నది. పోయిన నెలలో ఆ యువ ఇంజనీరు శిక్షణ కేంద్రానికి వచ్చాడు. ఇప్పుడతడు షిఫ్టు ఇన్‌చార్జి. కొత్త బ్యాచ్‌కు పర్మిట్ పాఠం తానే ప్యానెళ్ల ముందు నిలబడి చెబుతానన్నాడు. చెప్పాడు కూడా. ఆ రాత్రి తాను చేసిన పొరపాటును పేరు దాచకుండా చెప్పాడు. వెనుక నిలబడి వింటున్న మేము నోటు పుస్తకం తీసి, తేదీ వేసి, ఆ పూట శిక్షణార్థులు అడిగిన ప్రశ్నలన్నీ రాసుకున్నాము. మా దత్తాంశంలో అది మొదటి పుట.